సర్వర్ పాడవలేదు, ఆపింది నేను

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరు జిల్లా పేజీల్లో 'మొరాయించిన సర్వర్' అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఒకసారి రేషన్ దగ్గర, ఒకసారి సర్టిఫికెట్ల దగ్గర, ఇంకోసారి ఫీజులు కట్టే దగ్గర. మామూలు పాఠకులు దాన్ని వాన వార్త చదివినట్టు చదివేసి పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను. ఎందుకంటే పోయిన నవంబరులో అదే మాట నేనూ వాడాను, అదీ సొంత పిన్నమ్మ దగ్గర. ఆ రోజు సర్వర్ దివ్యంగా నడుస్తోంది.

నేను తిరుపతిలో ఎమ్మార్‌పల్లి వైపు ఉంటాను. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసి, పద్దెనిమిదేళ్లుగా ఒకే రకం పని చేస్తున్నాను. దాన్ని ఇంటిగ్రేషన్ అంటారు. ఒక సాఫ్ట్‌వేర్ చెప్పే మాటను ఇంకో సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా మార్చి మోసుకుపోయే పని. మా ఆవిడ దీన్ని పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం అంటుంది. కంపెనీ బెంగళూరులో ఉంది. నెలకు రెండుసార్లు బస్సెక్కి పోయి మొహం చూపించి వస్తాను, తక్కిన రోజులు ఇంట్లోనే.

మా పిన్నమ్మది పాకాల దగ్గర పల్లె. రెండు సీమావులు, కాస్త వేరుశనగ చేను. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఊళ్లో ఉన్న ప్రైవేటు డెయిరీ కేంద్రంలో పాలు పోస్తుంది. పది రోజులకొకసారి బిల్లు. ఆ డెయిరీకి సాఫ్ట్‌వేర్ రాసింది మా కంపెనీ. ఆ సంగతి నేను ఊళ్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

నవంబరు బిల్లు పడిన రోజు ఫోను చేసింది.

"అబ్బయా, మూడు పూటల పాలు పళ్లేదురా. పుస్తకంలో ఉండాయి, ఫోన్లో లేవు."

"కరెంటు పోయింటుంది పిన్నమ్మా. సర్వర్ ప్రాబ్లం. వచ్చే బిల్లులో పడతాయిలే."

"సర్వరంటే ఎవురబ్బా? నంబరియ్యి, ఆయన్నే అడుగుతా."

నవ్వి పెట్టేశాను. పూటకు ఆరున్నర లీటర్లు, మూడు పూటలకు పందొమ్మిదిన్నర. లీటరుకు 36 రూపాయల లెక్కన 702 రూపాయలు. బెంగళూరులో ఇద్దరం ఒక పూట భోంచేస్తే అయిపోయే డబ్బు. ఆమెకు అది దాణా బస్తాలో సగం. ఆ సగం గురించి ఆలోచించి కాదు, రాత్రి నిద్ర పట్టక లాప్‌టాప్ తెరిచాను. పుస్తకంలో ఉండి ఫోన్లో లేకపోవడం అనే మాట మా వృత్తిలో ఉన్నవాళ్లకు దోమలాంటిది, చెవి దగ్గర తిరుగుతూనే ఉంటుంది.

అసలు ఆ పాల లెక్క ఎట్లా ప్రయాణం చేస్తుందో చెప్పాలి. కేంద్రంలో మిషన్ మీద పాలు పెడితే ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలల్లో ఉండే తక్కిన ఘన పదార్థం) ఎంత అని చూపిస్తుంది. అందరూ పోసేశాక కేంద్రం నడిపే అతను పూట ముగించినట్టు బటన్ నొక్కుతాడు. ఆ పూట లెక్క మొత్తం ఒక ఫైలుగా మా దగ్గరకు వస్తుంది. అక్కడి నుంచి ఒకదాని తర్వాత ఒకటి మెట్లు. ఫైలు సరిగ్గా ఉందా, పోసినవాళ్ల నంబర్లు నిజంవేనా, చెత్త రీడింగులు ఏమైనా కలిశాయా, ఫ్యాట్‌ను బట్టి రేటెంత, ఖాతాలో జమ, చివరగా ఫోనుకు మెసేజ్. ఈ వరసను మేం రూట్ అంటాం. మేం వాడేది అపాచీ క్యామెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2007 నుంచి ఉంది. పేరుకు తగ్గట్టు ఒంటెలాగే ఎంత బరువైనా మోస్తుంది.

చెత్త రీడింగు అంటే ఏమిటంటే, కొత్త రకం మిషన్లు మధ్యలో కరెంటు పోయి వస్తే తమంతట తామే నీళ్లతో కడుక్కుంటాయి. ఆ కడిగిన నీళ్లను కూడా పాలనుకుని ఫ్యాట్ సున్నా అని ఒక లైను రాసి పెడతాయి. ఆ లైను ఖాతాల దాకా పోతే ఎవరో ఒకరి పేరు మీద నీళ్లు పోసినట్టు పడుతుంది. పల్లెలో అది ఎంత పెద్ద మాటో మీకు తెలుసు. అందుకని రెండేళ్ల కిందట నేనే ఒక చిన్న ఉప రూట్ రాశాను. అసలు రూట్ దాన్ని పిలుస్తుంది. అది ఫైలు తిరగేసి, సున్నా లైను కనబడితే తీసి పక్కన దాచి, 'స్టాప్' అంటుంది.

ఆ 'స్టాప్' అనే ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం.

నా మనసులో ఉన్న అర్థం: "నీ పని అయింది, ఇక ఆపి వెనక్కి రా, తర్వాతి మెట్టు అసలు రూట్ చూసుకుంటుంది." ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజుకు వందసార్లు వాడే 'రిటర్న్' అనే మాటకు ఉన్న అర్థం అది. క్యామెల్‌లో స్టాప్‌కు అర్థం అది కాదు. "ఈ మెసేజ్ ప్రయాణం ఇక్కడితో సరి" అని. ఉప రూట్‌లో స్టాప్ అన్నా, దాన్ని పిలిచిన పెద్ద రూట్ కూడా అక్కడే ఆగిపోతుంది. నేను పిల్లవాడిని "ఇంటికి రా" అని పిలిచాను అనుకున్నా, ఊరంతటికీ కర్ఫ్యూ పెట్టానన్నమాట. ఇందులో క్యామెల్ తప్పేం లేదు. దాని పత్రాల్లో ఈ సంగతి ఉదాహరణతో సహా రాసి పెట్టారు. నేను చదవలేదు. పేరు చూసి అర్థం ఊహించుకున్నాను.

అంటే ఆ మూడు పూటలూ వానకు కరెంటు పోయి వచ్చింది. మిషన్ కడుక్కుంది, సున్నా లైను పడింది. దాన్ని చూసిన నా ఉప రూట్ స్టాప్ అంది. పిన్నమ్మ పాలు, పక్కింటి వాళ్ల పాలు, ఆ పూట పోసిన మొత్తం నలభై ఒక్క మంది పాలు, కడిగిన నీళ్ల లైనుతో పాటు ఆగిపోయాయి. రేటు కట్టలేదు, ఖాతాలో పడలేదు, మెసేజ్ పోలేదు.

అలిపిరి టోల్‌గేటు దగ్గర బండ్లు తనిఖీ చేయడం మీ పాఠకులందరూ చూసిందే. బస్సులో ఒకాయన జేబులో బీడీ కట్ట దొరికితే కట్ట లాక్కుని బస్సును పంపిస్తారు. నేను బీడీ కట్టను భద్రంగా బీరువాలో పెట్టి, బస్సును పక్కకు తీయించి, తాళం వేసి ఇంటికి పోయాను. కొండ మీద కాటేజీ తీసుకుని ఎదురుచూసే వాళ్లకు కబురు కూడా పంపలేదు.

ఇంతకన్నా నన్ను కుంగదీసిన సంగతి వేరే ఉంది. మా ఆఫీసులో గోడకు పెద్ద టీవీ ఉంటుంది. ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని ఫెయిలయ్యాయి అని అందులో కనిపిస్తుంది. ఈ మూడు పూటలూ అందులో 'పూర్తయినవి' లెక్కలో పచ్చగా ఉన్నాయి. ఎందుకంటే క్యామెల్ దృష్టిలో స్టాప్ అనేది తప్పు కాదు, రాసినవాడు కావాలని ఇచ్చిన ఆజ్ఞ. ఆజ్ఞ పాటించింది, పని ముగిసింది. తప్పు జరిగితేనే కదా ఎర్రగా వెలిగేది! మేం పెట్టుకున్న డెడ్ లెటర్ పెట్టెలోకి కూడా ఏదీ రాలేదు. అది తప్పు జరిగిన మెసేజ్‌ల కోసం పెట్టింది. చివరికి ఫైళ్లు కూడా, పనైన ఫైళ్లను దాచే ఫోల్డర్ ఒకటుంటుంది, అందులోకి బుద్ధిగా పోయి కూర్చున్నాయి. అవి అక్కడ ఉండబట్టే ఈ రోజు ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. పనైన ఫైలును చెరిపేయమని పెట్టే వీలు కూడా ఉంది, డిస్కు నిండిపోతోందని ఒకసారి అట్లా పెట్టబోయి బద్ధకించాను. నా బద్ధకం ఒక్కసారైనా ఎవరికైనా ఉపకారం చేసిందంటే ఇదే.

మరి పరీక్షించలేదా అని మీరు అడగొచ్చు. పరీక్షించాను. సున్నా లైను ఉన్న ఫైలు పంపి, ఆ లైను ఖాతాలోకి రాలేదని చూసుకుని, పచ్చ టిక్కు పెట్టుకున్నాను. రాకూడనిది రాలేదు, సరే. రావాల్సిన తక్కిన లైన్లు వచ్చాయా? చూడలేదు.

డెడ్ లెటర్ అనే మాట దగ్గర మా నాయన సంగతి చెప్పాలనిపిస్తోంది. ఆయన మా ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాడు. ఉత్తరం ఎవరికీ ఇవ్వలేకపోతే ఊరికే పెట్టెలో పడేసేవాడు కాదు. 'చిరునామాదారు ఊళ్లో లేరు', 'తీసుకోనన్నారు', 'ఇల్లు మారినారు', 'చనిపోయినారు' అని కారణం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి వెనక్కి పంపేవాడు. పంపినవాళ్ల చిరునామా కూడా లేకపోతే అలాంటి ఉత్తరాల కోసమే తపాలా శాఖకు వేరే ఆఫీసు ఉంది. దాన్ని ఒకప్పుడు డెడ్ లెటర్ ఆఫీసే అనేవాళ్లు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ పేరును అక్కడి నుంచే తెచ్చుకున్నారు. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ అనే ఇద్దరు 2003లో ఈ మెసేజ్‌ల పద్ధతులన్నిటికీ పేర్లు పెట్టి పుస్తకం వేశారు. వడకట్టే ఫిల్టరు, అందనివాటి కోసం డెడ్ లెటర్, అర్థం కానివాటికి వేరే దారి, అన్నీ అందులో ఉన్నాయి. పేరైతే తెచ్చుకున్నాం. కారణం రాసి సంతకం పెట్టే అలవాటు మాత్రం పోస్టాఫీసులోనే వదిలేశాం.

మనియార్డరు అయితే ఇంకా గట్టి. డబ్బు అందినట్టు అవతలివాళ్లు సంతకమో వేలిముద్రో వేసిన చీటీ పంపినవాడికి తిరిగొచ్చేది. బొంబాయిలో కూలి పని చేసే మా ఊరాయన ఆ చీటీలన్నీ దారానికి గుచ్చి పెట్టుకునేవాడట. చీటీ రాకపోతే డబ్బు చేరలేదని తెలిసేది. చేరలేదని తెలియడం కూడా ఒక కబురే. నా స్టాప్ ఆ కబురును కూడా మింగేసింది.

ఇది నా ఒక్కడి అజ్ఞానం అని సరిపెట్టుకుందామంటే, ఈ పనిలో ఏ పనిముట్టు తీసుకున్నా ఇదే గుంట ఉంటుంది. స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ అని ఇంకొకటి ఉంది. అందులో ఫిల్టర్‌కు నచ్చని మెసేజ్‌ను మామూలుగా చప్పుడు లేకుండా పారేస్తుంది. పారేసేవాటికి వేరే దారి చూపించు, లేదా తప్పుగా లెక్కించు అని మనం ప్రత్యేకంగా చెప్పాలి. అపాచీ సినాప్స్ అనే మరో పనిముట్టులో 'డ్రాప్' అంటే ఆ మెసేజ్ పని అక్కడికి సరి. 'రెస్పాండ్' అంటే కూడా అక్కడే ఆగుతుంది, కానీ అడిగినవాడికి జవాబు పంపి ఆగుతుంది. రెండూ ఆగడమే. అయినా ఒకటి మొహం మీద తలుపు వేయడం, ఇంకొకటి "ఈ రోజు లేదు పోయి రా" అని చెప్పి వేయడం. జావాలో వెబ్‌సైట్లు రాసే పిల్లలకైతే, వచ్చినదాన్ని ఒకదాని తర్వాత ఒకటి చూసి లోపలికి పంపే ఫిల్టర్ల గొలుసు తెలిసే ఉంటుంది. తర్వాతి ఫిల్టర్‌ను పిలిచే ఆ ఒక్క లైను రాయడం మరిచిపోతే లోపలికి ఏదీ పోదు, తప్పూ రాదు, ఖాళీ పేజీ వస్తుంది.

ఆపడమే తప్పు అని నేను అనడం లేదు. మధ్యలో ఆపాల్సినవి బోలెడు. కేంద్రం నడిపే అతను సిగ్నల్ లేక ఒకే పూట ఫైలును రెండుసార్లు పంపుతాడు. ఆపకపోతే అందరికీ రెండింతలు పడుతుంది, తర్వాత తిరిగి వసూలు చేయడం ఎవరి తరం? ఆపకుండా తోసుకుపోవడంలోనూ అపాయం ఉంది. క్యామెల్‌లో తప్పు ఎదురైనప్పుడు 'హ్యాండిల్డ్' అంటే తప్పు చూసుకున్నాం, ఇక్కడ ఆపెయ్ అని. 'కంటిన్యూడ్' అంటే ఏమీ జరగనట్టు ముందుకు పో అని. పేర్లు రెండూ మర్యాదగానే ఉంటాయి. ఒకప్పుడు ఇంకో చోట ఒక కుర్రాడు రెండోది పెట్టాడు. రేటు దొరకని లైన్లన్నీ సున్నా రూపాయలతో జమ అయ్యాయి. జమ అయినట్టు మెసేజ్‌లు కూడా పోయాయి. నయం, అవి పోయాయి కాబట్టి అరగంటలో కేంద్రాల నుంచి ఫోన్లు మోగాయి.

ఇంకొంతమంది, నా మేనేజరుతో సహా, "అయితే స్టాప్ తీసేసి తప్పుగానే విసిరెయ్, డెడ్ లెటర్‌లో పడుతుంది కదా" అన్నారు. అదీ సరికాదనే నా వాదన. వానాకాలంలో కడిగిన నీళ్ల లైన్లు రోజుకు పదులు వస్తాయి. అవన్నీ ఎర్రగా వెలిగితే మూడో రోజు నుంచి ఎర్ర దీపం ఎవరూ చూడరు. నాన్నా పులి కథే. తప్పు వేరు, కావాలని ఆపింది వేరు. రెండిటికీ వేరే వేరే పెట్టెలు కావాలి. రెండు పెట్టెలనూ ఎవరో ఒకరు పేరు పెట్టి మరీ రోజూ తెరవాలి.

చివరికి ఏం చేశానో చెబుతాను, మా ఇంజినీరింగు కాలేజీల పిల్లలు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుంది. సున్నా లైను దగ్గర స్టాప్ పీకేశాను. ఆ లైనును మాత్రమే వడకట్టి పక్కన పెట్టి, తక్కిన ఫైలును ముందుకు పంపిస్తున్నాను. క్యామెల్‌లో ఫిల్టర్ అంటే ఆ గడిలో ఉన్న పనులు మాత్రమే తప్పుతాయి, గడి దాటాక రూట్ మామూలుగా సాగుతుంది. నాకు మొదట కావాల్సింది అదే. రెండుసార్లు వచ్చిన ఫైలు దగ్గర స్టాప్ ఉంచాను. కానీ అక్కడ కూడా ముందు చీటీ, తర్వాతే స్టాప్. మామూలుగా వదిలేస్తే క్యామెల్ నకలు మెసేజ్‌ను గుట్టుచప్పుడు కాకుండా దాటేస్తుంది. దాటేయొద్దు, నకలు అని గుర్తు వేసి నాకివ్వు అని అడగొచ్చు. అట్లా అడిగి తీసుకుని, ఏ కేంద్రం, ఏ పూట, ఏ మెట్టు దగ్గర, ఎందుకు ఆపాను అని ఒక వరస రాసి, అప్పుడు ఆపుతున్నాను.

తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఒక లెక్క నడుస్తుంది. వచ్చిన లైన్లెన్ని, జమ అయినవెన్ని, చీటీతో ఆగినవెన్ని. రెండూ మూడూ కలిపితే మొదటిది రావాలి. రాకపోతే నా ఫోను మోగుతుంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ కోమటి కొట్లో సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకున్నంత పని ఇది. పద్దెనిమిదేళ్లు దాన్ని చేయకుండా జీతం తీసుకున్నాను.

పాత ఫైళ్లు తిరగేస్తే నాలుగు నెలల్లో తొమ్మిది కేంద్రాల్లో పదిహేడు పూటలు ఇట్లా ఆగిపోయాయని తేలింది. అన్నీ కొత్త మిషన్లు ఉన్న కేంద్రాలే, అన్నీ కరెంటు పోయిన పూటలే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పాలు పోసినవాళ్లు కరెంటును తిట్టుకున్నారు. కేంద్రం అతను సిగ్నల్‌ను తిట్టుకున్నాడు. డెయిరీవాళ్లు సర్వర్ అన్నారు. నేనూ సర్వర్ అన్నాను. ఇంతమంది కలిసి ఒక నోరులేని పెట్టె మీద నింద వేశాం.

డెయిరీకి ఈ సంగతి రాసి ఇచ్చాం. వాళ్లు పెద్దగా గొడవ పడలేదు, బాకీలు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఇప్పుడు జరగబోతున్నదాని గురించి. అసలు మీకు ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

మా పిన్నమ్మ ఊరి కేంద్రంలో ఇక పాల పుస్తకాలు ఇవ్వరట. ఫోన్లో అంతా కనిపిస్తుంటే పుస్తకం ఎందుకు, కాగితం దండగ అంటున్నారు. చుట్టుపక్కల కేంద్రాల్లో కూడా ఇదే మాట వినిపిస్తోంది. అయ్యా, ఆ పదిహేడు పూటల సంగతి బయటపడింది మా కంపెనీ టీవీ వల్ల కాదు, మా పరీక్షల వల్ల కాదు, నా ఎంసీఏ వల్ల అంతకన్నా కాదు. నీలం అట్ట పుస్తకంలో పెన్సిలుతో '6.5' అని రాసి ఉండబట్టి. ఆ పుస్తకం సాఫ్ట్‌వేర్ గొలుసుకు బయట ఉంది. గొలుసు ఎక్కడ తెగినా దానికి సంబంధం లేదు. ఫోన్లో జమ అయినవి మాత్రమే కనిపిస్తాయి. ఆగినవి కూడా, ఎందుకు ఆగాయో కారణంతో సహా కనిపించే రోజు వచ్చిందాకా పుస్తకాలు తీసెయ్యొద్దని ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. పాలు పోసేవాళ్లు కూడా కేంద్రంలో ఇవ్వకపోతే పది రూపాయల నోటుబుక్కు కొనుక్కుని తామే రాసుకుని, కేంద్రం అతని చేత సంతకం పెట్టించుకోవడం మంచిది.

బ్యాంకుల విషయంలో ఇది ఎంతో కొంత దారికొచ్చింది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. ఏటీఎంలో ఖాతా నుంచి డబ్బు తగ్గి చేతికి నోట్లు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోపు బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలి. యూపీఐలో ఒక మనిషి ఇంకో మనిషికి పంపిన డబ్బు అవతల చేరకపోతే గడువు ఒక్క రోజే. మెసేజ్ మధ్యలో ఎక్కడో ఆగిపోవడం ఖాయమని ఒప్పుకుని, ఆగితే ఎవరి జేబుకు చిల్లు పడాలో ముందే రాసి పెట్టారు. వందరూపాయలు పోతాయంటే కంపెనీలు రాత్రి తొమ్మిదింటి లెక్క తప్పకుండా చూసుకుంటాయి. పాల బిల్లుకు అట్లాంటి గడువు పెట్టినవాళ్లను నేనింతవరకు చూడలేదు. డెయిరీలతో మాట్లాడే రైతు సంఘాలవాళ్లు కరెంటు గురించి, దాణా ధర గురించి అడుగుతారు, ఈసారి దీన్ని కూడా అడిగితే బాగుంటుంది.

మీ విలేకరులకు నాదొక విన్నపం. ఎవరైనా అధికారి కానీ, కంపెనీ ప్రతినిధి కానీ 'సాంకేతిక లోపం' అంటే అక్కడితో రాసుకోవడం ఆపకండి. ఏ మెట్టు దగ్గర ఆగింది, తనంతట తాను ఆగిందా లేక ఎవరైనా ఆపమని రాసి పెట్టారా, ఆగినట్టు మొదట తెలిసింది మీకా లేక క్యూలో నిలబడిన మనిషికా అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు క్యూలో ఉన్న మనిషి అయితే, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు నాలాంటి వాడే అని అర్థం. సర్వర్ నిజంగా పడిపోతే అందరికీ ఒకేసారి తెలుస్తుంది, గంటలో ఎవరో ఒకరు లేపుతారు. ఇది అట్లా కాదు, లేచి నడుస్తూనే నలభై ఒక్క మందిని వదిలేసి పోతుంది. ఇంత చిన్న సంగతికి ఇంత పొడుగు ఉత్తరమా అని మీరు సగానికి కోసి వేసినా నాకు అభ్యంతరం లేదు. ఎక్కడ కోశారో ఒక చుక్కల వరస పెడితే చాలు.

పిన్నమ్మకు 702 రూపాయలు డిసెంబరు మొదటి బిల్లులో పడ్డాయి. పోయిన ఆదివారం వెళ్లి, సర్వర్ అని ఎవరూ లేరు, ఆపింది నేనే అని చెప్పాను. కాసేపు నా మొహం చూసి, "అయితే మా పక్కింటోళ్లకి కూడా నువ్వే ఇయ్యాల" అంది. వాళ్లకూ పడ్డాయని చూపించాను. తొమ్మిది కేంద్రాల్లో కలిపి ఇంకా ఆరుగురి బాకీ మిగిలి ఉంది. ఈలోపల ఆవులు అమ్మేసి ఊరు వదిలి పోయారు. వాళ్లలో ఇద్దరి ఫోన్లు పనిచేయడం లేదు. కేంద్రాల దగ్గర వాళ్ల పేర్లు, పూటలు, డబ్బు ఎంతో రాసి గోడకు అంటించమని చెప్పాను. నాలుగు చోట్ల అంటించారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఇంటిగ్రేషన్ డెవలపర్,
తిరుపతి